మడపిల్ల మొహం

కదలకమ్మా, గడ్డం కొంచెం పైకి, ఆ, అలాగే ఉండు అని కెమెరా ఆయన పొద్దుటినుంచి అంటూనే ఉన్నాడు, నేను కదిలింది మాత్రం లేదు, కదలాలన్నా ఎలా కదులుతాను, నడుముకి వడ్డాణం, చేతులకి వంకీలు, మెడలో అమ్మ హారం, దాని మీద నాయనమ్మ కాసులపేరు, జడ నిండా పూలు, వీటన్నిటి అడుగున ఎక్కడో నేను, గుడివాడ కల్యాణమండపం స్టేజీ మీద ఎర్ర ముఖమల్ సింహాసనంలో. సింహాసనం అద్దెది. చేతులు ఆన్చే చోట సింహం తలలున్నాయి, కుడివైపు సింహానికి ముక్కు ఊడిపోయింది, నా వేలు ఇందాకటినుంచి ఆ ముక్కు లేని చోటే తిరుగుతోంది. మెట్ల దగ్గర లైను. ఒక్కొక్కళ్ళే ఎక్కి వస్తారు, నా తల మీద అక్షింతలు వేస్తారు, చేతిలో ఏదో పెడతారు, అది వెంటనే అమ్మ చేతిలోకి పోతుంది, పక్కన నిలబడి కెమెరా వైపు నవ్వుతారు, దిగి భోజనాలకు వెళ్తారు. వచ్చినవాళ్ళెవరూ ముందు నన్ను చూడరు. నా తల మీదుగా వెనక్కి, పైకి చూస్తారు, అక్కడ ఫ్లెక్సీ ఉంది, తర్వాత కళ్ళు కిందికి దించి నన్ను చూస్తారు, ఫ్లెక్సీలో ఉన్నంత లేదే అని వాళ్ళకి అనిపించడం నాకు తెలుస్తూనే ఉంది. నేను చూస్తున్నది మాత్రం లైను చివర. మా చెరువు దగ్గరనుంచి పోలయ్య వ్యానులో రొయ్యలు తెచ్చాడని నాన్న ఫోనులో ఎవరితోనో అనడం విన్నాను. పోలయ్య వచ్చాడంటే కూతురు నాంచారి కూడా వచ్చి ఉండాలి. ఇవాళ రాలేదంటే ఇక నాతో మాట్లాడనట్టే. వస్తే ఈ మెట్లెక్కాలి, అందరిలాగే తలెత్తి ఆ ఫ్లెక్సీ చూడాలి, ఆ తర్వాత నన్ను చూడాలి. వస్తుందేమోనని భయం, రాదేమోనని భయం, అమ్మేమో ఖాళీ కడుపున ఉన్నావు గదా, అందుకే మొహం అలా పీక్కుపోయింది అంటోంది.

ఫ్లెక్సీ లోహిత్ బావ చేయించాడు. మా మేనమామ కొడుకు, బందరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పట్టులంగా, ఓణీ మేనమామ పెట్టాలి గనక వాళ్ళ నాన్న పెట్టాడు, ఫ్లెక్సీ మాత్రం నా సొంత ఐడియా అని బావ ఊరంతా చెప్పుకున్నాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే తిట్టుకోవడం తేలికగా ఉండేది. నేను బొమ్మలు వేస్తానని తెలుసు, నా బల్ల మీద కాగితాల్లో అన్నిటికన్నా పెద్ద బొమ్మని ఫోటో తీసుకుని బందరులో ఫ్లెక్సీల షాపుకి పట్టుకెళ్ళాడు. అది మడపిల్ల బొమ్మ. నేనూ నాంచారీ కలిసి అల్లే కామిక్కులో వీరురాలు, సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది, చేతులు చాపి. చేతులు అలాగే ఉంచారు, బట్టలు అలాగే ఉంచారు, మొహం తీసేసి నా మొహం అతికించారు, బడి గుర్తింపు కార్డులోది, రంగు తేల్చి, పెదాలకి గులాబీ రంగు పూసి. వీపుకి రెక్కలు తగిలించారు. కాళ్ళు ఎక్కడా లేవు, కాళ్ళు ఉండాల్సిన చోట మా చుట్టాల మొహాలు గుండ్రంగా కత్తిరించి వరసగా పేర్చారు, మావయ్యలు, బాబాయిలు, పెదనాన్న మనవడు కూడా, మొదట్లో తాతయ్య సీతారామయ్య దండతో. పైన మెరిసే అక్షరాలతో మా ఇంటి యువరాణి నవ్యశ్రీ ఓణీల వేడుకకు విచ్చేయుచున్న వారికి స్వాగతం. బావ ఫోనులో చూపించినప్పుడు ఒక్క నిమిషం నాకూ బాగానే అనిపించింది, ఎవరికి అనిపించదు, అంత తెల్లగా, అంత ఎత్తున, రెక్కలతో. తర్వాత కాళ్ళకోసం వెతికాను. అప్పటికే అచ్చయి, కట్టడానికి వెళ్ళిపోయిందన్నాడు.

మడపిల్ల పుట్టింది నాన్న రొయ్యల చెరువు గట్టు మీద. మాది నందివాడ, చుట్టూ వరి చేలు, ఎటు చూసినా తెలిసినవాళ్ళే. నాన్న హంసలదీవి దగ్గర చెరువులు లీజుకి తీసుకున్న దగ్గర్నుంచీ ఆదివారం వస్తే నేను కారెక్కేసేదాన్ని, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటాక గాలి వాసన మారిపోయేది, ఉప్పూ బురదా కలిసిన ఆ వాసన వచ్చిందంటే నాకు ఆకలి వేసేది. చెరువుకి కాపలా పోలయ్య, గట్టు మీద రేకుల షెడ్డులో కాపురం, పోలయ్య కూతురు నాంచారి. పూర్తి పేరు నాంచారమ్మ, ఆ పేరుతో పిలిస్తే పళ్ళు కొరికేది. నా ఈడుదే. పన్ను మీద పన్ను, ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్నప్పుడు గాలం తగిలిన గాటు, ఆలోచించేటప్పుడు ఆ కనుబొమ్మ రెండు ముక్కలు రెండు వైపులకి కదిలేవి. మొదటిరోజే నన్ను పాయ ఒడ్డుకి తీసుకుపోయింది. మోకాళ్ళ లోతు బురద, నేను చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదే ఆగిపోతే, ఏందే, బురదంటే బయమా, నీళ్ళల్లో నించోటం ఎవరికైనా వత్తది, బురదలో నించోటం నేర్చుకో అంది. అక్కడ మడ చెట్లు. వాటి వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, అవి ముక్కులంట, నీళ్ళు పైకొచ్చినప్పుడు చెట్టు వాటితో ఊపిరి పీల్చుకుంటుందంట. ఉప్పెన వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మ మడ చెట్టుని కౌగిలించుకుని తెల్లార్లూ ఉందంట, చెట్టు కదలలేదు గనక నాయనమ్మ ఉంది, నాయనమ్మ ఉంది గనక నాంచారి ఉంది. నేను ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక అమ్మాయిని గీశాను, రెక్కలతోనే గీశాను, నిజం చెప్పాలంటే. మళ్ళీ ఆదివారం చూపిస్తే నాంచారి తల అడ్డంగా ఊపింది. ఇది ఎగిరితే ఊరెట్టా, అంది. అదొక్కతే పైకి పోద్ది, కిందోళ్ళు కొట్టుకుపోతారు. ఎగరకూడదు, నించోవాల.

అలా మడపిల్ల నిలబడటం మొదలుపెట్టింది. మామూలప్పుడు బడిలో ఆఖరి బెంచీలో కూర్చునే పిల్ల, లెక్కలు రావు, ఎవరూ పట్టించుకోరు. నీళ్ళు పెరిగితే చెప్పులు విప్పి నేల మీద కాలు పెడుతుంది, కాలివేళ్ళు భూమిలోకి దిగుతాయి, దిగి చీలతాయి, చీలి పాకుతాయి, ఇక దాన్ని ఎంత పెద్ద అలైనా కదపలేదు, జనం వచ్చి దాని నడుం పట్టుకుంటారు, జడ పట్టుకుంటారు, భుజాలెక్కుతారు. కథ నాంచారిది, బొమ్మలు నావి. వారం మధ్యలో నేను బొమ్మ వేసి ఫోటో తీసి పోలయ్య ఫోనుకి వాట్సాప్‌లో పంపితే, నాంచారి తర్వాత ఏం జరిగిందో మాటల్లో రికార్డు చేసి పంపేది, వెనక చెరువు నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరేటర్ల హోరు, మధ్యలో వాళ్ళమ్మ కేకలు. కాళ్ళ దగ్గర నాకు అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది, ఒక్కొక్క వేరు వంపూ పెన్సిల్ అరగదీసి వేసేదాన్ని. మొహం మాత్రం చిటికెలో వచ్చేది. అది నాంచారి మొహం. పన్ను మీద పన్ను, కనుబొమ్మ మీద గాటు, అన్నీ. అది నువ్వే అని నేను ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడానికి ఏముంది, చూస్తే తెలియదా అనుకున్నాను. తనూ ఎప్పుడూ అడగలేదు.

తర్వాత నేను పెద్దమనిషినయ్యాను. మూలన తాటాకు చాప వేశారు, విడిగా కంచం, విడిగా గ్లాసు, నాయనమ్మ రావమ్మ నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి ముద్దలు చేసి దూరంనుంచి చేతిలో పడేసేది. ఇంటినిండా చుట్టాలు, అందరూ నా గురించే మాట్లాడుతున్నారు, నాతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. పచ్చడి జాడీ ముట్టుకోకూడదు, పూలమొక్క ముట్టుకోకూడదు, ఫోను ముట్టుకోవచ్చట, ఫోనుకి మైల ఉండదని నాయనమ్మే తేల్చింది, నాకు అదే మేలైంది. నాంచారి గొంతు ఒక్కటే ఆ మూలకి వచ్చేది. నాకు పోయినేడే అయింది, మా అమ్మ రెండ్రోజులు కూచోబెట్టి మూడోనాడు మేత చల్లటానికి పంపింది అని నవ్వింది. మా కథ అన్నిటికన్నా ఎక్కువ నడిచింది ఆ మూలనే. పెద్ద ఉప్పెన వచ్చింది, ఊరంతా వచ్చి మడపిల్లని పట్టుకుంది, ఎప్పటికన్నా లోతుకి వేళ్ళు దింపింది, అల విరిగింది, నీళ్ళు వెనక్కి పోయాయి, జనం ఒక్కొక్కళ్ళే దాన్ని వదిలి ఇళ్ళకి పోయారు, దీపాలు పెట్టుకున్నారు, అన్నాలు వండుకున్నారు. అది కాలు ఎత్తబోతే రాలేదు. వేళ్ళు ఊడి రావడం లేదు. ఆ బొమ్మ వేసి పంపాను, ఖాళీ బీచిలో అదొక్కతే, వెనక దూరంగా దీపాలు. ఇప్పుడు ఇంటికెలా వస్తుందే అని అడిగాను. రేపు చెప్తా అంది.

ఆ రేపు ఇంకా రాలేదు. మూలనుంచి లేచి తలస్నానం చేసిన సాయంత్రం, ఆదివారం చెరువుకి వస్తానని నాన్నతో అంటే, ఇక చెరువుల మీదికి వద్దు నాన్నా అన్నాడు, నన్ను ముద్దుగా నాన్నా అంటాడు, ఎప్పుడూ గొంతు పెంచడు. అక్కడంతా మగాళ్ళు తిరుగుతుంటారు, పెద్దదానివయ్యావుగా, బాగోదు. మగాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉన్నారు, మేత కంపెనీవాళ్ళు, రొయ్యలు పట్టడానికి వచ్చేవాళ్ళు, నేను వాళ్ళ మధ్యనుంచే పరిగెత్తేదాన్ని, ఎవరూ మారలేదు, నేనూ మారలేదు, రాత్రికి రాత్రి ఆ దారి మూసేశారు. నేను ఏడవలేదు. నాకు బాగా కోపం వచ్చింది, కోపంతో అన్నం మానేస్తే, పిల్లకి సిగ్గొచ్చింది అనుకున్నారు ఇంట్లో.

ఫ్లెక్సీలు ఒకటి నందివాడలో, ఒకటి గుడివాడ సెంటర్లో, ఒకటి ఈ స్టేజీకి, ఇంకొకటి చెరువు మలుపులో. మేత కంపెనీవాళ్ళూ పక్క చెరువులవాళ్ళూ చూస్తారని నాన్న అక్కడికీ పంపాడు. కట్టాక ఎవరో ఫోటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టారు. సరుగుడు కర్రల మధ్య ఫ్లెక్సీ, నిచ్చెన మీద పోలయ్య, కింద తాడు పట్టుకుని నాంచారి. తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది, నా మొహంకేసి, మడపిల్ల చేతులకేసి, లేని కాళ్ళకేసి. వేళ్ళతో ఆ ఫోటోని పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను, మొహం కాస్తా రంగు గళ్ళయిపోయింది, ఏమనుకుంటోందో మాత్రం కనిపించలేదు. నేను కాదు చేయించింది అని మెసేజ్ పెట్టాను. ఒకటే టిక్కు. మళ్ళీ పెట్టాను, మాట్లాడి పంపాను, ఒక్కొక్కదానికి ఒక్కొక్క టిక్కు, రెండోది పడనే లేదు. నన్ను బ్లాక్ చేసిందని అర్థమైంది. చెయ్యదా మరి, నేనైతే చేస్తాను. అప్పటినుంచి మడపిల్ల ఆ బీచిలో అలాగే ఉంది, నేను రోజూ పడుకునేముందు దాని దగ్గరికి పోయి చూసి వస్తున్నాను.

ఏమ్మా, ఎగిరిపోతావా ఏంటి, అన్నాడు మేత కంపెనీ ఆయన అక్షింతలు వేస్తూ, రెక్కలు చూసి. ఇప్పటికి అందరూ ఇదే జోకు. నవ్వాను. ఆయన భార్య నా గడ్డం పట్టుకుంది. వాళ్ళు దిగుతుంటే వాళ్ళ పట్టుచీరల అంచుల మధ్యనుంచి రెండు కాళ్ళు కనిపించాయి, కింది మెట్టు దగ్గర చెప్పులు విప్పుతున్న కాళ్ళు. అందరూ చెప్పులతోనే ఎక్కుతున్నారు, చెప్పులు విప్పేది ఎవరా అని చూశాను, వేళ్ళు ఎడంగా, గోళ్ళ అంచున ఎంత కడిగినా పోని నల్లటి బురద. ఆ వేళ్ళు నాకు తెలుసు, నేను గీసినన్నిసార్లు ఎవరూ గీసి ఉండరు. నాంచారి ఆకుపచ్చ కొత్త డ్రస్సు వేసుకుంది, నూనె పెట్టి బిగించి జడ వేసుకుంది. మెట్లెక్కి వచ్చి తలెత్తింది. చాలాసేపు చూసింది. తర్వాత పళ్ళెంలోంచి నాలుగు అక్షింతలు తీసి నా తల మీద వేసింది.

"బాగుందండి," అంది.

అండి. మెట్ల పక్కనే నాన్న చేతులు జోడించి వచ్చేవాళ్ళని పలకరిస్తున్నాడు, అందుకేమో. గొంతు తగ్గించి అడిగాను, "ఫోను ఎత్తవేమే? ఒక్క మెసేజ్ కూడా పోవట్లేదు."

"చెరువులో పడిందండి. అయ్య ఇంకా బాగుచేయించలా." నేల చూస్తూ అంది. నిజమో కాదో తెలియలేదు.

"ఆ మొహం నీది. నేను వేసింది నీ మొహమే. బావ మార్పించాడు, నాకు తెలియదు."

ఇటు చూడండమ్మా, అన్నాడు కెమెరా ఆయన. ఇద్దరం అటు తిరిగాం. పెదాలు పెద్దగా కదపకుండా నాంచారి అంది, "నేనూ ముందు నాదేమో అనుకున్నా. బొమ్మల్లో ఆ గాటు చూసి. ఫ్లెక్సీ వచ్చాక తెలిసింది నీదని. పిచ్చిదాన్ని, మీ ఇంటి పండక్కి నా మొహం ఎందుకేత్తారు." గొంతులో కోపం వెతికాను, లేదు. "తాడు నేనే కట్టా. గాలికి ఊడదు."

ఫ్లాష్ వెలిగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళూ నేను దాచుకున్న సంజాయిషీలన్నీ తిట్టేవాళ్ళకోసం, వీటిని ఏం చేసుకోను. తను దిగబోతుంటే మణికట్టు పట్టుకున్నాను, గాజులు గలగలమన్నాయి, వెనక ఎవరో పెద్దావిడ గిఫ్టు పెట్టెతో ఆగిపోయింది.

"వదులు," అంది నాంచారి. "చూత్తన్నారు."

"తర్వాత ఏమైంది?"

"ఎవురికి?"

"మడపిల్లకి. అందరూ ఇళ్ళకి పోయారు. అది ఇంటికెలా వచ్చింది?"

కనుబొమ్మ రెండు ముక్కలూ రెండు వైపులకి కదిలాయి. స్టేజీ, లైను, నాన్న, అన్నీ మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆలోచించింది. "రాదు," అంది. "అదెట్టా వత్తదే, పాతుకుపోయిందిగా. దాన్ని కావాలనుకున్నోళ్ళే దాని కాడికి పోవాల." చెయ్యి విడిపించుకుని దిగి, చెప్పులు వేసుకుని, భోజనాల హాలు వైపు వెళ్ళిపోయింది.

పెద్దావిడ అక్షింతలు వేసింది. తర్వాత ఇంకెవరో వేశారు. తర్వాత మా లెక్కల టీచరు. ఫోటోల్లో నవ్వాననే అనుకుంటాను. అమ్మ నా చెంప మీద దిష్టిచుక్క సరిచేసింది. దాన్ని కావాలనుకున్నోళ్ళు. ఊళ్ళో ఇంతమందిని మోసింది, వాళ్ళలో ఒక్కళ్ళైనా అన్నం తింటూ ఆ పిల్లేదీ అనుకోరా. బీచిలో దాని పక్కన బొమ్మ వేయడానికి కాగితంలో బోలెడు చోటుంది, నేనే ఖాళీగా వదిలేశాను, అలా అయితే బొమ్మ అందంగా ఉంటుందని. నా కాళ్ళు చూసుకున్నాను. పట్టులంగా అంచు కింద పారాణి పెట్టిన వేళ్ళు, ఎర్రగా, శుభ్రంగా, కొత్త వెండి పట్టీలతో. కుడికాలు కొంచెం ఎత్తి చూశాను. ఎక్కడా ఏమీ పట్టుకుని లేదు, తేలికగానే లేచింది. నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. ఇందాకటినుంచి నన్ను ఇక్కడ ఎవరో పాతేశారనే అనుకుంటున్నాను.

లేచి నిలబడ్డాను. కాసులపేరు ఊగింది. ఆ, అలా నిలబడితే బాగుంది, అలాగే ఉండమ్మా అని కెమెరా ఆయన ఒక మోకాలి మీద కూర్చుని గురి పెట్టాడు, లైటబ్బాయి లైటు నా మొహం మీదికి తిప్పాడు. నేను వాళ్ళ పక్కనుంచి నడిచి మెట్లు దిగాను. బాత్రూమేమో అని అమ్మ నాయనమ్మతో అనడం వినిపించింది. లైనులో ఉన్నవాళ్ళు అక్షింతలు పట్టుకుని అలాగే ఉన్నారు, ఎవరి మీద వేయాలో తెలియక. వెనక్కి తిరిగి చూస్తే ఫ్లెక్సీ కనిపించింది, మొదటిసారి ఎదురుగా, దాని కింద ఖాళీ సింహాసనం, ముక్కు లేని సింహం. నాన్న ఎవరికో నమస్కారం పెడుతూ నన్ను చూశాడు, నమస్కారం చేతుల్లోనే ఆగిపోయింది.

భోజనాల హాల్లో పొడుగు బల్లలు, కాగితం పరిచి అరిటాకులు వేశారు, నేను నడుస్తుంటే ముద్దలు నోటిదాకా వచ్చి ఆగుతున్నాయి. అమ్మాయిగారూ, మీది ఆఖరి బంతండి, ఇప్పుడు కాదు అన్నాడు వడ్డించేవాడు గరిటె పట్టుకుని. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా, ఆఖరి వరసలో పోలయ్య, పోలయ్య భార్య, నాంచారి. నన్ను చూసి పోలయ్య ఎంగిలి చేత్తోనే లేచి నిలబడిపోయాడు, ఆయన్ని చూసి భార్యా లేచింది. నాంచారి లేవలేదు. నన్ను చూసింది, నా వెనక్కి చూసింది, ఎడమ చేత్తో పక్క కుర్చీ లాగింది. కూర్చున్నాను. పట్టులంగా జరీ బల్ల మీద కూర మరకలో పడింది, పడనీ అనుకున్నాను. తన ఆకులోని రొయ్యలు నాలుగు తీసి, నా ముందున్న ఖాళీ ఆకులో వేసింది. ఆ రొయ్యలు మా చెరువువే, ఇంకా ఆ ఉప్పు వాసన ఉంది, నాకు ఎక్కడలేని ఆకలీ వేసింది.

"దాని దగ్గరికి ఎవరు పోయారే?" అని అడిగాను.

"ఇంకా ఆలోచించలా," అంది. మళ్ళీ నా భుజం మీదుగా వెనక్కి చూసింది. బల్లల మధ్యనుంచి నాన్న గొంతు వినిపిస్తోంది, నవ్యా, నవ్యా అని, అందరూ చూస్తున్నారు గనక మెల్లగా, నవ్వుతూ పిలుస్తున్నాడు, దగ్గరికి వచ్చేస్తున్నాడు. నాంచారి నా ఆకు మీద కాస్త అన్నం పెట్టింది.

"తొందరగా తిను," అంది.